మీటర్ బోర్డు లైట్ల రంగు మారిస్తే కేసు పెడతారా?

ప్రశ్న: నా కారు కొని రెండేళ్లయింది, వారంటీ ఇంకా ఉంది. మీటర్ బోర్డులోనూ, కంపెనీ స్టీరియోలోనూ లైట్లు నారింజ రంగులో వెలుగుతాయి. నాకు అది నచ్చక రెండింటినీ నీలం రంగుకు మార్పిద్దామనుకున్నాను. యాక్సెసరీస్ షాపతను సాయంత్రానికల్లా చేసిచ్చేస్తానంటున్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే వారంటీ మొత్తం పోతుందని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే అయిదు వేలు కట్టాలని అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అయిదు వేల సంగతి ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. మీ ఆర్సీ తీసి చూసుకోండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు, బరువు, బాడీ రంగు ఉంటాయి. మీటర్ బోర్డులో ఏ రంగు లైటు వెలగాలన్న ముచ్చట అందులో ఉండదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూపించి, కారులో స్క్రూ కూడా మార్చకూడదన్నట్టు వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఆ వివాదం వాహన నిర్మాణంలో చేసే మార్పుల మీద. లోపలి లైటు రంగు దాకా దాన్ని లాగక్కర్లేదు.

అయితే ఆ అయిదు వేలు గాల్లోంచి ఊడిపడలేదు. 2019 సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. దాని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, చట్టమూ నిబంధనలూ అనుమతించని విధంగా యజమాని వాహనాన్ని మారిస్తే ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బయటి నుంచి తెచ్చి బిగించిన విడిభాగాలూ దీని కిందికి వస్తాయి. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: మీరు చేయించే పనిని కాదనే నిబంధన ఏదైనా ఉందా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 108వ నిబంధన ఉంది. వాహనం ముందువైపు ఎర్ర లైటు, వెనకవైపు ఎరుపు తప్ప మరో రంగు లైటు కనబడకూడదని అది చెబుతుంది. వాహనం లోపలి దీపాలకు ఇది వర్తించదని మినహాయింపు కూడా అందులోనే రాసుంది. కనుక మీటర్ బోర్డు వెనకా, స్టీరియో బటన్ల కిందా ఉండే లైట్ల రంగు మార్చుకున్నంత మాత్రాన నేరం కాదని నా అభిప్రాయం. పనిలో పనిగా ముందు అద్దం కింద ఎల్ఈడీ స్ట్రిప్పు అంటిస్తానని షాపతను అంటే మాత్రం వద్దనండి. ఎదుటివాళ్లకు ఎర్రగానో నీలంగానో మెరుస్తూ కనిపిస్తే పోలీసు బండిలా ఉందంటూ ఆపుతారు, అప్పుడు ‘లోపలి దీపమే కదా సార్’ అనే వాదన నిలబడటం కష్టం.

నీలం రంగు ఎంచుకోవడం కూడా నాకంత మంచిదనిపించలేదు. హైబీమ్ వేసినప్పుడు వెలిగే గుర్తు నీలం, ఇండికేటర్‌ది ఆకుపచ్చ, ఆయిల్ ప్రెషర్, బ్రేకు హెచ్చరికలు ఎరుపు. ఈ రంగులు కంపెనీ సరదాకి పెట్టినవి కావు, వాహన ప్రమాణాల ప్రకారం వచ్చినవి. వాటి జోలికి పోతే పైన చెప్పిన 182ఎకు మీరే దారి చూపినట్టు. బోర్డంతా నీలమైతే హైబీమ్ గుర్తు అందులో కలిసిపోతుంది. ఇంకో చిక్కుంది. కొన్ని మీటర్లలో తెల్ల బల్బు ముందు రంగు ఫిల్మ్ ఉంటుంది. అక్కడ నీలం ఎల్ఈడీ పెడితే ఎర్ర ఫిల్మ్ ఆ వెలుతురును బయటికి రానివ్వదు. ఆయిల్ అయిపోయినా ఎర్ర లైటు కనబడదు. ఇంజిన్ సీజై మీరు వారంటీకి వెళితే, కంపెనీ కాదన్నా తప్పుపట్టలేం. మార్చక తప్పదనుకుంటే అంకెల వెనక లైటు వరకే, అదీ తెలుపు వేయించుకోండి.

వారంటీ మొత్తం పోతుందన్నది మాత్రం బెదిరింపే. వారంటీ పుస్తకంలో సాధారణంగా ఉండేది, బయటి విడిభాగాల వల్ల కలిగిన నష్టానికి మాది పూచీ కాదు అని. ‘వల్ల’ అన్న మాటే కీలకం. లైటు రంగు మార్చారని సస్పెన్షన్ రిపేరుకు వారంటీ ఇవ్వననడం కుదరదు. అదే వైరు కత్తిరించి, టేపు చుట్టి జాయింట్లు వేసి ఉంటే, రేపు ఆ లైన్లో వచ్చే ప్రతి ఎలక్ట్రికల్ లోపాన్నీ మీ నెత్తినే వేస్తారు. వైరు కోయకుండా కప్లర్‌తో (ప్లగ్‌లా తగిలించేది) బిగించే రకమైతేనే ఒప్పుకోండి. సర్వీస్ సెంటర్ వారంటీ నిరాకరిస్తే, ఏ భాగం వల్ల ఏ లోపం వచ్చిందో జాబ్ కార్డు మీద రాసివ్వమనండి. నోటిమాటతో పంపిస్తే ఈమెయిల్ పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. అవసరమైతే లోపాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ, ఖర్చు ఎక్కువయ్యేది అక్కడే. మీ కారు తగిలి ఎవరికైనా దెబ్బలు తగిలితే, మీటర్ లైటు రంగు చూపించి ఇన్సూరెన్స్ కంపెనీ థర్డ్ పార్టీ పరిహారం ఎగ్గొట్టలేదు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో కంపెనీ చెప్పుకోగల సాకుల జాబితాలో అది లేదు. సొంత కారు నష్టం వేరు. షార్ట్ సర్క్యూట్‌తో కారు కాలిందనుకోండి, సర్వేయర్ మొదట వెతికేది బయటి వైరింగ్‌నే. అందుకే పని చేయించాక ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక లేఖ రాయండి. కొత్త స్టీరియో కూడా వేయిస్తే దాని విలువను పాలసీలో విడిగా చేర్పించండి. పాత టారిఫ్ లెక్కన అలాంటి వాటికి ప్రీమియం విలువలో నాలుగు శాతం, పదివేల స్టీరియోకు నాలుగొందలు.

మీటర్ బోర్డు విప్పిన కారును రేపు అమ్మబోతే, కొనేవాడికి వచ్చే మొదటి అనుమానం కిలోమీటర్ల రీడింగ్ వెనక్కి తిప్పేశారేమోనని. అది రుజువైతే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు దాకా వెళుతుంది. విప్పేముందు, బిగించాక రీడింగ్ ఫొటో తీసుకోండి. షాపు బిల్లు మీద ఆ రెండు అంకెలూ రాయించండి. బిల్లు ఇవ్వనంటే ఆ షాపులో పని చేయించకండి.

ఎక్కడైనా చలానా రాస్తే, ఏ నిబంధన ఉల్లంఘించానో రాయమని మర్యాదగా అడగండి. తప్పు ఒప్పుకుని అక్కడికక్కడే కట్టాలన్న నిర్బంధం లేదు, కోర్టులో చెప్పుకుంటానని అనొచ్చు. మీ కారు పసుపు బోర్డుదైతే నా సలహా మారుతుంది. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లిన ప్రతిసారీ ఈ లైట్ల గురించి సంజాయిషీ ఇచ్చుకునే కన్నా, ఉన్న రంగునే ఉంచుకోవడం నయం.

షాపుకు వెళ్లేముందు ఆ స్టీరియో సెట్టింగ్స్ మెనూ కూడా ఒకసారి తెరిచి చూడండి. చాలావాటిలో బటన్ల రంగు మార్చుకునే ఆప్షన్ కంపెనీవాళ్లే ఇస్తారు.