అదనపు ప్యాకేజీలు: రానివ్వాలా, ఆపాలా?

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో 8 జీబీ మెమరీ కార్డు మీద డెబియన్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వాడుతున్నాను. ప్రోగ్రామ్‌లు దించి పెట్టే ఆప్ట్ కమాండ్‌తో ఒక ప్యాకేజీ పెడితే నేను అడగనివి కూడా దిగి జాగా తినేస్తున్నాయి. వీటిని శాశ్వతంగా ఆపే దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దారి ఉంది గానీ, శాశ్వతంగా ఆపొద్దు. ఏ ప్యాకేజీకి ఆ ప్యాకేజీ చూసుకుని ఆపండి.

ప్రతి ప్యాకేజీలో దానికి సంబంధించిన ఇతర ప్యాకేజీల జాబితా రకాలవారీగా ఉంటుంది. 'డిపెండ్స్' కింద ఉన్నవి లేకపోతే ప్యాకేజీ ఎక్కదు. 'రికమెండ్స్' అంటే మామూలుగా వాడేవాళ్లలో దాదాపు అందరికీ కావలసినవి. 'సజెస్ట్స్' ఉంటే మంచిదే, లేకున్నా నడుస్తుంది. 2009లో వచ్చిన డెబియన్ 5 నుంచి ఆప్ట్ మొదటి రెండు రకాలనూ తనంతట తానే దించుతోంది. ఈ ఏర్పాటు సరైనదే.

ఎందుకంటే, రికమెండ్స్ వద్దని గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే ప్రోగ్రామ్) పెట్టారనుకోండి. దానితో రావలసిన సీఏ-సర్టిఫికెట్స్ (వెబ్‌సైట్ అసలుదేనా అని సరిచూడడానికి కావలసిన ప్యాకేజీ) రాదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏ ఎర్రరూ ఉండదు. తర్వాత హెచ్‌టీటీపీఎస్ చిరునామా నుంచి క్లోన్ చేయబోతే (కోడ్ నకలు దించబోతే) సర్టిఫికెట్ సరిచూడలేకపోయానంటుంది. చాలామంది నెట్‌వర్క్‌ను అనుమానిస్తారు, కొందరు ఏకంగా ఆ తనిఖీనే ఆపేస్తారు. అది ప్రమాదం.

మీ బోర్డు విషయంలో ఇంకో చిక్కు. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, టైమ్ నెట్ నుంచే రావాలి. ఆ పని చేసే సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ డెబియన్ 11 నుంచి విడి ప్యాకేజీ, అదీ రికమెండ్స్ కిందే ఉంది. అన్నిటినీ ఆపేసి పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేస్తే అది రాకపోవచ్చు. తేదీ తప్పితే మంచి సర్టిఫికెట్లు కూడా చెల్లవు.

అందుకని ముందు ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌కు హైఫన్ ఎస్ చేర్చి నడపండి. ఏమీ దించకుండా ఏవేవి వస్తాయో చూపిస్తుంది. ఒకటి రెండే వద్దనుకుంటే ఆ పేరు చివర హైఫన్ పెట్టి అదే కమాండ్‌లో ఇవ్వండి, మిగతావి వస్తాయి. ఏవీ వద్దంటే రెండు హైఫన్ల తర్వాత 'నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్' చేర్చి, నిజంగా కావలసినవాటి పేర్లు పక్కనే రాయండి. గిట్‌కైతే సీఏ-సర్టిఫికెట్స్, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌కు భద్రంగా కలిపే పద్ధతి) వాడితే ఓపెన్ఎస్ఎస్‌హెచ్-క్లయింట్.

ఇప్పటికే దిగినవి, అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆప్ట్ ఆటోరిమూవ్ కమాండ్‌తో పోవు. రికమెండ్ చేసిన ప్యాకేజీ ఉన్నంతకాలం వాటిని అది ముట్టుకోదు. పేరు పెట్టి తీసేయాలి. జాగా కోసమే అయితే ముందు ఆప్ట్ క్లీన్ నడపండి, దించిన ప్యాకేజీ ఫైళ్లు పోతాయి.