900 మీటర్ల దగ్గర .308 రైఫిల్ గుళ్లు చెదిరిపోతుంటే క్యాలిబర్ (గుండు సైజు) మార్చాలా?

600 మీటర్ల దాకా ఒకే చోట పడే 168 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లు 900 దగ్గర చెల్లాచెదురు అవుతున్నాయంటే, చాలావరకు కారణం వేగం. అంత దూరం వెళ్లేసరికి బుల్లెట్ ధ్వని వేగానికి (సుమారు 340 మీ/సె) దగ్గరపడి ఊగడం మొదలుపెడుతుంది. 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్‌కు (గురి పోటీల కోసం చేసినది) ఇది బాగా తెలిసిన బలహీనత. రైఫిల్ అమ్మే ఆలోచన కాస్త ఆపండి.

1. బాలిస్టిక్ కాలిక్యులేటర్‌లో (బుల్లెట్ ప్రయాణాన్ని లెక్కగట్టేది) మీ బుల్లెట్, క్రోనోగ్రాఫ్‌తో (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) కొలిచిన వేగం వేసి, 900 మీటర్ల దగ్గర ఎంత మిగులుతుందో చూడండి. 410 మీ/సె పైన ఉంటే నిశ్చింత.

2. అందరూ వదిలేసేది ఇదే: బ్యారెల్ ట్విస్ట్, అంటే గొట్టం లోపలి గాడులు బుల్లెట్‌ను ఎంత వేగంగా తిప్పుతాయన్నది. క్యాలిబర్ పేరు చూసి కొంటారు, ట్విస్ట్ చూడరు. బరువైన, పొడవాటి బుల్లెట్‌కు వేగంగా తిరిగే గాడులు కావాలి. 1:12 (12 అంగుళాలకు ఒక చుట్టు) అయితే 175 గ్రెయిన్లు సరిగా నిలబడకపోవచ్చు. 1:10 అయితే ముందు 175 మ్యాచ్ బుల్లెట్ వాడి చూడండి. ధ్వని వేగం దగ్గర అది 168 కంటే స్థిరంగా ఉంటుంది. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

3. అయినా కుదరకపోతే అప్పుడు క్యాలిబర్ మార్చండి: 6.5 క్రీడ్‌మూర్, 1:8 ట్విస్ట్, 140 గ్రెయిన్లు. గాలికి తక్కువ జరుగుతుంది, భుజానికి దెబ్బ కూడా తక్కువ. కాకపోతే బ్యారెల్ .308 కంటే త్వరగా అరుగుతుంది.

మాగ్నమ్‌ల (ఎక్కువ మందుగుండు పట్టే శక్తివంతమైన తూటాలు) జోలికి వెళ్లకండి. 900 మీటర్ల టార్గెట్‌కు ఆ రీకాయిల్ (భుజానికి తగిలే దెబ్బ) అనవసరం.