ప్లేటు మీద చీమ తలకాయంత పేరు

ప్రశ్న: సార్, యూట్యూబ్‌లో ఫ్రాంక్ సినాత్రా పాడిన ‘ఐల్ నెవర్ స్మైల్ అగైన్’ వింటున్నా, వీడియోలో పాత గ్రామఫోన్ ప్లేటు బొమ్మ చూపించారు. టామీ డోర్సీ ఆర్కెస్ట్రా అని పెద్దక్షరాల్లో ఉంది, సినాత్రా పేరేమో కింద చీమ తలకాయంత. పాడింది ఆయనైతే ప్లేటు డోర్సీది ఎలా అయింది? (విజయవాడ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: ఎలా అంటే, జనం కొనుక్కున్నది డోర్సీ ప్లేటునే కాబట్టి. 1940లో సినాత్రాకి 24 ఏళ్లు, డోర్సీ బ్యాండ్‌లో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు, జీతానికి పాడే కుర్రాడు. అసలు బిగ్ బ్యాండ్ అంటే డాన్స్ కోసం పుట్టింది, పదిహేను పదహారు మంది ట్రంపెట్లు, సాక్సోఫోన్లు, ట్రాంబోన్లు లాంటి ఊదే వాయిద్యాలు వాయిస్తుంటే హాల్లో జనం జంటలు జంటలుగా ఆడాలి. మీరు ఆ ప్లేటు మళ్లీ చూస్తే పాట పేరు దగ్గర ఫాక్స్ ట్రాట్ అని కూడా ఉండొచ్చు, చాలామంది అదేదో రాగం పేరు అనుకుంటారు, కాదు, డాన్స్ పేరు. అంటే ఈ ప్లేటుకి ఏ అడుగులెయ్యాలో చెప్తున్నారన్నమాట.

పాడేవాళ్లకి మధ్యలో ఒక్క చుట్టు ఇచ్చేవాళ్లు. మామూలుగా మొదట బ్యాండ్ మొత్తం ట్యూన్ వాయించేస్తుంది, తర్వాత గాయకుడు లేచి మైకు ముందుకొచ్చి ఒకసారి పాడి కూర్చుంటాడు, మళ్లీ బ్యాండే ముగిస్తుంది. పది అంగుళాల ప్లేటులో పట్టేదే మూడు నిమిషాలు కదా, అందులో గొంతు వాటా ఒక నిమిషం వస్తే గొప్ప. అందుకే లేబుల్ మీద ‘వోకల్ రిఫ్రెయిన్’ (గొంతుతో పాడే ముక్క) అని చిన్నగా వేసి ఊరుకునేవాళ్లు, ఒక్కోసారి పేరు కూడా ఉండదు, ఉత్త వోకల్ రిఫ్రెయిన్ అనే ఉంటుంది!

మీరు విన్న పాట దగ్గరే ఈ లెక్క తిరగబడింది. ఇంకోసారి వినండి, మొదట్లో సెలెస్టా మోగుతుంది (చిన్న పియానోలా ఉంటుంది, గంటల్లాంటి శబ్దం), వెంటనే గొంతులే. పైడ్ పైపర్స్ అనే నలుగురి గ్రూపు, వాళ్లలో జో స్టాఫర్డ్ ఒకావిడ, సినాత్రాతో కలిసి గుసగుసలాడినట్టు మొదలుపెడతారు, మధ్యలో ఆయనొక్కడే రెండు ముక్కలు పాడతాడు. డోర్సీ ట్రాంబోన్ మధ్యలో కాసేపు వచ్చి వెళ్లిపోతుంది, చివర మళ్లీ గొంతులే. బ్యాండ్ ఓనరే తన సొంత ప్లేటులో మధ్య సీట్లో సర్దుకుని కూర్చున్నాడన్నమాట. రికార్డు చేసింది 1940 మే 23న. ఆ జులై 27న బిల్‌బోర్డ్ పత్రిక దుకాణాల అమ్మకాలు లెక్కేసి మొదటిసారి చార్టు వేస్తే అందులో నంబర్ వన్ ఇదే, 12 వారాలు కదల్లేదు.

ప్రశ్న: ఇంత దిగులు పాట రాసిందెవరు? మొదట పాడింది సినాత్రాయేనా? (హైదరాబాద్ నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: రాసింది రూత్ లో అనే కెనడా ఆవిడ, ఊరు టొరంటో. పియానిస్టు. ఐనా రే హటన్ నడిపిన ఆడవాళ్ల బ్యాండ్‌లో వాయించేది. షికాగోలో పెళ్లయింది, 1939లో భర్త ఆపరేషన్‌లో చనిపోయాడు, పెళ్లయి గట్టిగా ఏడాది. పుట్టింటికి తిరిగొచ్చేసి ఈ పాట రాసుకుంది. ఇక నవ్వను అని పాటకి పేరు పెట్టిందంటే అది ట్యూన్‌కి సరిపోయిందని పెట్టింది కాదు మరి. ముందు టొరంటోలోనే పర్సీ ఫెయిత్ రేడియో ప్రోగ్రామ్‌లో వినిపించారు.

ఇక సినాత్రా కంటే ముందే గ్లెన్ మిల్లర్ బ్యాండ్ రికార్డు చేసింది, రే ఎబర్లీ గొంతుతో. మిల్లర్ అంటే అప్పట్లో మామూలోడు కాదు, అయినా ఆ ప్లేటు పెద్దగా ఎవరికీ పట్టలేదు. నాకైతే కారణం వింటేనే తెలుస్తుంది అనిపిస్తుంది, ఎబర్లీ బానే పాడాడు, కానీ అది బ్యాండ్ పాటలో గాయకుడి వంతు వచ్చినట్టు ఉంటుంది, డోర్సీ వాళ్లదేమో రాత్రి అందరూ పడుకున్నాక ఎవరో పక్కగదిలో పాడుకుంటున్నట్టు ఉంటుంది. సినాత్రా మాట మధ్యలో ఊపిరి తెగనివ్వడు, ఆ కిటుకు డోర్సీ ట్రాంబోన్ వాయించేటప్పుడు వెనక నుంచి చూసి పట్టానని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

ప్రశ్న: పాత ఫోటోల్లో బ్యాండ్ ముందు ఒకావిడ గౌను వేసుకుని కుర్చీలో ఊరికే కూర్చుని ఉంటుందేంటండీ? (విశాఖ)

జవాబు: తన వంతు కోసం. ఆ ఆడ సింగర్లని కేనరీ పిట్టలు అనేవాళ్లు, ఆ మాటలోనే ఉంది గౌరవం ఎంతో. హెలెన్ ఫారెస్ట్ అలా ఆర్టీ షా, బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్లలో కూర్చుని కూర్చుని విసిగిపోయి, 1941లో హ్యారీ జేమ్స్ దగ్గర చేరేటప్పుడు పాట నా చుట్టూ కట్టాలి, మధ్యలో ఒక్క చుట్టు పాడి కూర్చోను అని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు, హిట్లు కొట్టారు. ఇంతలో 1942 ఆగస్టు నుంచి వాయిద్యగాళ్ల యూనియన్ రికార్డింగులు బంద్ పెట్టింది, పెద్ద కంపెనీల్లో అది 1944 నవంబర్ దాకా సాగింది. పాడేవాళ్లు ఆ యూనియన్‌లో లేరు కాబట్టి కోరస్ గొంతులు పెట్టుకుని ప్లేట్లు చేసేశారు. సినాత్రా ఆ 1942 సెప్టెంబర్‌లోనే డోర్సీని వదిలి బయటికొచ్చేశాడు. తర్వాత ప్లేట్ల మీద పెద్దక్షరాలు ఎవరివో మీకు తెలిసిందే.

ప్రశ్న: ఈ పాటలో ఏ రికార్డింగ్ వినమంటారు? ఒక్కటే చెప్పండి, టైం లేదు. (విజయవాడ పాఠకుడే, రెండో కార్డు)

జవాబు: ఒక్కటే అయితే డోర్సీదే. టైం దొరికినప్పుడు ఇంకో రెండు, రెండూ 1959వే. ఒకటి సినాత్రానే నలభై దాటాక గార్డన్ జెంకిన్స్ వయొలిన్ల మధ్య పాడింది, డాన్స్ ఊసే ఉండదు. రెండోది జాజ్ గాయని బిల్లీ హాలిడే ఆ మార్చిలో చేసిన చివరి రికార్డింగుల్లోది, గొంతు బాగా అరిగిపోయి ఉంటుంది, జులైలో ఆవిడ పోయింది. అది మాత్రం పొద్దున్నే పెట్టకండి.