మే నెలలో చూసిన ఎండ

చిరంజీవి బిడ్డకు, హనుమకొండ నుంచి మీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నర్సంపేట దగ్గర మన మిరప తోటలోనూ పొరుగు రైతుల చేలలోనూ కలిపి పన్నెండు చోట్ల నేల తేమను కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టబోతున్నావని, వాటన్నిటికీ సోలార్ కరెంటేనని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల ఇంత పనికి పూనుకున్నందుకు ఎంత పొంగిపోయానో, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి ఆ సెల్లులు వాడుతున్నావని విని అంత భయపడ్డాను. అవి పక్కన పెట్టు. మే నెలలో బయట 44 డిగ్రీలుంటే బ్యాటరీ పెట్టి మూసిన డబ్బా లోపల ఇంకెంతో ఎక్కువ ఉంటుంది. 45 దాటిన వేడిలో లిథియం సెల్లును ఛార్జి చేయకూడదు. వేడికి వాటికన్నా మెరుగ్గా ఓర్చే కొత్త లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు కొని, డబ్బాకు తెల్ల రంగు వేసి, ప్యానెల్ నీడలోనే బిగించు. డబ్బులు తక్కువైతే నన్ను అడుగు గానీ ఈ విషయంలో నాతో వాదించకు.

ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పాలని నీకు తెలుసు. మన అక్షాంశం 18 డిగ్రీలే అయినా వాలు 30కి దగ్గరగా పెట్టు, చలికాలపు ఎండకు అదే అనువు. కోతులు ఊగినా కదలనంత గట్టిగా క్లాంపులు బిగించు.

ఎంత బ్యాటరీ కావాలో లెక్క వేసేటప్పుడు సెన్సర్ మేలుకున్న క్షణాలను మాత్రమే చూడకు. పావుగంటకొకసారి లేచి, ఐదు సెకన్ల పాటు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకున్నా రోజుకు ఐదు మిల్లీ ఆంపియర్ అవర్లకు కాస్త పైన అవుతుంది, అంతే. బ్యాటరీ వోల్టులను సెన్సర్‌కు సరిపడేలా మార్చే రెగ్యులేటర్ చవకగా దొరికేది పెట్టావంటే, అది ఏ పనీ లేకుండానే 5 మిల్లీ ఆంపియర్లు తాగుతూ రోజుకు 120 మింగేస్తుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లు దాటి వాన పడిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి ముసురుకు వారం రోజులు ఎండ లేకున్నా నిలిచేంత బ్యాటరీ పెట్టుకో.

ఇక నా తప్పు సంగతి. 2014 మే నెలలో, చెరువు కట్ట కింద ఒక మిత్రుని మిరప చేనులో ఇటువంటిదే ఒకటి పెట్టాను. దక్షిణాన కట్ట మీద తాటిచెట్ల వరుస, వాటికి 30 అడుగుల దూరంలో నా స్తంభం. మే సగం దాటాక మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు కనుక చెట్ల నీడ అవతలికే పడింది. ప్యానెల్ ధగధగలాడింది, నేను మీసం తిప్పాను. డిసెంబరులో, తోటకు నీటి లెక్క అవసరమైన రోజుల్లోనే, అది మూగబోయింది. ప్యానెల్ వైర్లు విప్పి మీటరు పెడితే ఆరు వోల్టులు నిక్కచ్చిగా చూపింది. ప్యానెల్ మంచిదేనని బ్యాటరీ మార్చాను, పది రోజులకు మళ్లీ మార్చాను. చేను కాపలా ఉన్న పిల్లవాడు, “సారూ, దీని మీద ఎండ పడ్తలేదు” అన్నాడు. వైర్లు నువ్వే కదిపావంటూ వాడినే నలుగురిలో తిట్టాను.

ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు మొదటి తాటి మట్టల నీడ ప్యానెల్ మూల మీదికి పాకింది. అది పక్కకు తప్పుకునేసరికి రెండో చెట్టు నీడ, తర్వాత మూడోది, రెండు దాటే వరకూ అదే వరుస. డిసెంబరు మధ్యాహ్నం 50 అడుగుల చెట్టు నీడ 44 అడుగులు సాగుతుందని కాగితం మీద వేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, నేను వేసుకోలేదు. ప్యానెల్ గడులన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కనుక ఒక్క గడి మీద నీడ పడితే మొత్తం కరెంటు పడిపోతుంది. వైర్లు విప్పి కొలిస్తే మాత్రం వోల్టులు దాదాపు తగ్గవు. నేను మోసపోయింది అక్కడే. ఆ పిల్లవాడికి తప్పు ఒప్పుకుందామని వెతికితే, అప్పటికే పనికోసం ఊరు విడిచి వెళ్లిపోయాడు.

నువ్వు స్తంభాలు పాతే ముందు ప్రతి చోటా దక్షిణం వైపు చెట్లు, కట్టలు, మోటరు గదుల ఎత్తు కొలిచి, డిసెంబరు నీడ గీసి నాకు పంపు. చేన్లో పనిచేసేవాళ్లు ఏమైనా చెబితే ముందు అటే చూడు. నా మీటరు ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. ప్యానెల్‌ను బ్యాటరీకి కలిపి ఉంచి, ఆ మధ్య వైరులో పారే ఆంపియర్లు చూడు, వోల్టులు కాదు. మీటరు ఎర్ర వైరు మొదలు దగ్గర కాస్త లూజుగా ఉంది, వేలితో నొక్కి పట్టుకోవాలి.

మీ మామయ్య