కందనకాయ ఎవరి పళ్ళెంలో పడింది?

చి.ల.సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథా, దాంతోపాటు పెట్టిన ఉత్తరమూ అందాయి. కథ చదివితే విసుగొచ్చింది. ఉత్తరం చదివాక నిద్ర పట్టలేదు. రెండూ ఒక్క మనిషే రాసిందా అని అనుమానం కూడా వచ్చింది.

కథలో ఏముంది? కంపాలాలో కాపురముంటున్న తెలుగమ్మాయి పక్కింటివాళ్ళ క్వాంజులాకి, అంటే మగపెళ్ళివారు పిల్ల ఇంటికి పరిచయానికి వచ్చే వేడుకకి, వెళ్తుంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు బుట్టలు మోసుకుంటూ వస్తారు. 'ఘుమఘుమలాడే వంటకాలు' వడ్డిస్తారు. నీ కథానాయిక కళ్ళు చెమరుస్తాయి, 'అచ్చం మన పెళ్ళిలాగే ఉంది' అనుకుంటుంది. అయిపోయింది. ఆ 'అచ్చం మనలాగే' దగ్గర కాగితాలు పక్కన పడేశాను. మనలాగే ఉంటే ఉగాండా దాకా పోవడం ఎందుకు? మా వీధి చివరే కల్యాణమండపం ఉంది.

మరి ఉత్తరంలో? నువ్వు జజ్జా అని పిలిచే ఆ పక్కింటి పెద్దావిడ ఉంది. మనవరాలిని చేసుకోబోయేవాడి కోసం లువొంబో వండుతోంది. లేత అరిటాకుని సెగ మీద వాడ్చి, ఈనె చెక్కేసి, ముందే నిప్పుల మీద కాల్చిన కోడిని అందులో పెట్టింది. పుట్టగొడుగులు వేసింది, వేరుశనగ ముద్ద కలిపిన పులుసు పోసింది. ఆకు అంచులన్నీ పైకి లాగి అరటి నారతో మూట కట్టింది. కుండలో మటోకే అరటికాయల పైన ఆ మూటల్ని పేర్చి, మళ్ళీ ఆకులు కప్పి, గంటల తరబడి ఆవిరి మీద ఉంచింది. అంతా అయ్యాక ఒక్క ముక్క నోట పెట్టలేదు. ఆవిడ చిన్నతనంలో బగాండా అనే వాళ్ళ జాతి ఇళ్ళల్లో ఆడవాళ్ళు కోడీ గుడ్డూ తినకూడదు. పక్కనే కూర్చుని మనవరాళ్ళు కోడికాళ్ళు కొరుక్కు తింటున్నారు. 'ఇప్పుడు తినొచ్చుగా జజ్జా' అని నువ్వడిగితే నవ్వేసి, మటోకే ముద్దని వేరుశనగ పులుసులో అద్దుకుందని రాశావు.

అమ్మాయీ, నీ కథ అదీ! దాన్ని ఉత్తరంలో పారేసి, కథలోకి 'ఘుమఘుమలు' తెచ్చావు.

నాకో పిచ్చి ఉంది, నా పుస్తకాలు చదివినవాళ్ళకి తెలుసు. తిండి గురించి రాస్తే రుచి గురించి రాయకూడదు. ఏ ముక్క ఎవరి పళ్ళెంలో పడిందో రాయాలి. ఎవరు ముందు తిన్నారు, ఎవరు చివర తిన్నారు, ఎవరు అసలు తినలేదు. ఇది తెలిస్తే ఆ ఇంటి గుట్టంతా బయటపడుతుంది. అక్కడ కోడి కోస్తే కందనకాయ ఇంటి యజమానిదేనట. మరి ఆ రోజు పందిట్లో అది ఎవరికి వెళ్ళింది? మామగారికా, రాబోయే అల్లుడికా? నువ్వక్కడే కూర్చుని ఉన్నావు, చూడలేదా?

బుట్టలో వచ్చిన బతికున్న పుంజు సంగతీ అంతే. పెళ్ళికొడుకు తెచ్చే ఉప్పూ, పంచదారా, మాంసం, గెలలు, అత్తగారికి గోమెసీ అనే బట్ట, ఇవన్నీ ఒకెత్తు. పెళ్ళికూతురి అన్నకిచ్చే పుంజు ఒకెత్తు. అది అతని చేతికందితేగాని పిల్లనిచ్చినట్టు కాదు. కథలో దాన్ని 'కానుకలు' అనే మాటలో కలిపేశావు. చెల్లెల్ని పంపేసి అన్న చంకలో పుంజు పెట్టుకుని నిలబడ్డాడంటే, అంతకన్నా ఏం కావాలి నీకు?

'కాఫీ ఇచ్చి మర్యాద చేశారు' అని ఇంకో వాక్యం. మన పాఠకుడికి వెంటనే స్టీలు గ్లాసు కనిపిస్తుంది. వాళ్ళిచ్చింది నమలడానికి ఉడకబెట్టి ఎండబెట్టిన కాఫీ గింజలు. నీ ఉత్తరంలోనే ఉంది, చూసుకో.

'అనాదిగా వస్తున్న వంటకం' అనీ రాశావు. లువొంబోని 1887లో కబాకా, అంటే బగాండా రాజు, మ్వాంగా దగ్గర కవుటా అనే వంటవాడు మొదలుపెట్టాడని అక్కడివాళ్ళే చెప్పుకుంటారు. అంటే రాజుగారి వంట. ఆ ఒక్క పూటా కొత్తగా వచ్చిన కుర్రాడికి రాజభోజనం పెడుతున్నారన్నమాట. 'అనాది' అన్నావు కాబట్టి ఇదంతా పోయింది.

చుట్టరికమే కావాలంటే నిజమైనది ఒకటుంది. ఆడవాళ్ళందరూ వేసుకున్న గోమెసీ, నువ్వు 'చీరలాంటిది' అని తేల్చేసిన భుజాల దగ్గర పొంగుగా నిలబడే ఆ బట్ట, గోవా నుంచి వెళ్ళిన గోమెస్ అనే దర్జీ రూపమిచ్చిందని చెబుతారు. 1905లో మొదలైన గయాజా ఆడపిల్లల బడికి యూనిఫాం కుట్టడంతో అది మొదలైందట. ఉన్న చుట్టాన్ని వదిలేసి లేని పోలిక కోసం దేవులాడావు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నా మొదటి కథ కూడా కోడికూర గురించే. సంక్రాంతికి మా అత్తగారింటికి కొత్తల్లుడు వస్తే నాటుకోడి వండారు. మా అత్తగారు గరిటెతో కూర తిప్పుతూ ఎవరికి ఏ ముక్క పోవాలో చూపుతోనే పంచేది. కోడళ్ళ వంతుకి వచ్చేసరికి గిన్నెలో పులుసూ మెడముక్కలూ. చివర్లో రైలు ప్లాట్‌ఫారం మీద కాస్త ఏడుపు. అంతే కథ. ఒక వారపత్రిక ఎడిటరుగారు 'వంటల శీర్షికకు పంపగలరు' అని కార్డు రాశారు. ఇంకో పెద్దమనిషి వంటిల్లంతా కోసేసి చివర్లో ప్లాట్‌ఫారం మీద ఏడుపు మాత్రం ఉంచి అచ్చేశాడు. ఆయన పోయారు, ఏమీ అనకూడదు. కానీ ఆ కత్తెర మాత్రం పోలేదు. ఇప్పుడు పోటీలవాళ్ళ చేతికి వచ్చింది. ఫీల్‌గుడ్ కావాలట, చదివితే హాయిగా ఉండాలట. నీ కథ వాళ్ళకి నచ్చుతుంది, ప్రైజు కూడా వస్తుందేమో. అదే నా టెన్షన్.

సెంగా, అంటే ఆ మేనత్త, మగపెళ్ళివారి గుంపులో నక్కి కూర్చున్న పెళ్ళికొడుకుని వెతికి పట్టుకునే చోటు బాగుంది. అక్కడ నువ్వు కళ్ళతో చూసి రాశావు.

కలంపేరు గురించీ, ఏ పత్రికకి పంపాలనే దాని గురించీ ఏదో అడిగావు. ముందు ఆ జజ్జా దగ్గరికి వెళ్ళు. మొదటిసారి ఎవరికోసం కోడి వండిందో అడుగు. ఆ అన్న పుంజుని ఏం చేశాడో, ఎవరెవరు తిన్నారో కనుక్కో. కథానాయికని కాసేపు బయట కూర్చోబెట్టి, వంటింట్లోంచి రాయి. పీడీఎఫ్ పంపకు, అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తీసి పోస్టులో వెయ్యి. పోటీ గడువు దాటిపోతే దాటిపోనీ.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మలాంటిది