వ్రతాలు చేసుకునేదాన్ని, నేను ఫెమినిస్ట్‌ని కానా?

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో బ్యాంకులో పని చేస్తాను. పూజలు, వ్రతాలు, కార్తీక సోమవారాలు నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం, ఎవరి బలవంతమూ లేదు. ఆ మూడు రోజులు దేవుడి గది వైపు వెళ్లను. మా పనావిడని మొగుడు కొడుతుంటే నేనే మూడు రోజులు సెలవు పెట్టి దగ్గరుండి గృహహింస కేసు వేయించాను. మొన్న మహిళా దినోత్సవానికి ఆఫీసులో మాట్లాడాను, అయ్యాక నా ఫ్రెండే అందరి ముందు "మొగుడి ఆయుష్షు కోసం అట్లతద్ది చేసేదానివి, నీకు ఫెమినిజం ఏంటే" అని నవ్వింది. అప్పట్నుంచి తనతో మాటల్లేవు. మా అత్తగారేమో ఆ కేసు గురించి "సంసారాలు కూల్చే పని" అంటారు. ఎటూ కాకుండా పోయాననిపిస్తోంది. ఇవన్నీ అక్కకి చెప్పుకునేదాన్ని, కానీ రెండేళ్ల క్రితం బావగారు పోయాక తను వ్రతాలకి వచ్చినా వంటింట్లోనే ఉండిపోతుంది, తనే రానంటుంది.

జవాబు: నువ్వు అని రాస్తున్నా ఏమనుకోకు, మా ఆఖరి చెల్లెలి వయసు నీది.

ముందు నీ ఫ్రెండ్ సంగతి. అందరి ముందు అలా అనడం తప్పే. ఫెమినిజం ఏమన్నా రేషన్ కార్డా, ఎవరో తాసీల్దారు సంతకం పెట్టి ఇవ్వడానికి? ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర గంటలు గంటలు కూర్చుని పనావిడ చేత దెబ్బల సంగతి ఒక్కొక్కటీ చెప్పించి డీఐఆర్, అంటే గృహహింస మీద ఆ ఆఫీసర్ రాసే రిపోర్టు, రాయించడం ఎంత ఓపిక పనో నాకు తెలుసు, ఆ ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ దొరకడమే గగనం. బొట్టు పెట్టుకోని వాళ్లు, దేవుణ్ణి నమ్మని వాళ్లు చాలామంది ఆ పని చెయ్యరు, నువ్వు చేశావు. దాన్ని నీ అట్లతద్ది ఏమీ తగ్గించదు.

అసలు భక్తి వేరు, అణిగిమణిగి ఉండటం వేరు అని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. తరిగొండ వెంగమాంబ 18వ శతాబ్దంలో పుట్టిన మనిషి, చిన్నతనంలోనే పెళ్లి, చిన్నతనంలోనే భర్త పోయాడు. జుట్టు తీయించుకోమంటే కుదరదంది, బొట్టు తీయనంది, ఊరంతా నానా మాటలన్నా వినలేదంటారు, చివరికి తిరుమల వెళ్లిపోయింది. ఆవిడకన్నా భక్తురాలిని చూపించగలమా చెప్పు. "తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అని ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఆవిడ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. ఊరు వద్దన్న బొట్టుతోనే ఆవిడ దేవుడి దగ్గరికి వెళ్లింది, నా దృష్టిలో ఆవిడ మన మనిషే. మొన్నమొన్నటి సంగతి చూసినా, 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు మూడుసార్లు తలాక్ చెల్లదు అనడానికి ముందు ఏళ్ల తరబడి భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ వాళ్లు ఖురాన్ పట్టుకునే కదా వాదించింది, ఇలా ఒక్కసారిగా చెప్పెయ్యమని అందులో ఎక్కడుంది అని. వాళ్లని మతం వదిలేసి రండి అప్పుడు మాట్లాడదాం అంటే ఆ పోరాటమే లేదు.

అయితే నీ ఫ్రెండ్‌ది మొత్తం తప్పు అని కూడా నేను అనను. శబరిమల గొడవ గుర్తుందా, 2018లో. పది నుంచి యాభై ఏళ్ల మధ్య ఆడవాళ్లని గుళ్లోకి రానివ్వని ఆచారం మీద సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు అన్ని వయసుల ఆడవాళ్లనీ వెళ్లనివ్వాలన్నారు, వద్దన్న ఐదో జడ్జి ఇందూ మల్హోత్రా, బెంచిలో ఉన్న ఒక్కగానొక్క ఆడమనిషి ఆవిడే. తర్వాత వేలమంది ఆడవాళ్లు రోడ్డెక్కారు, మేం యాభై ఏళ్లు వచ్చేదాకా ఆగుతాం అని. ఆగడం వాళ్ల ఇష్టం, దాంట్లో నాకేం అభ్యంతరం లేదు, కానీ కొండెక్కుతున్న ఇంకో ఆడదానికి అడ్డం పడితే మాత్రం నేను వాళ్ల పక్కన నిలబడలేను. నువ్వు ఆ మూడు రోజులు దేవుడి గదిలోకి వెళ్లకపోవడం కూడా నాకు అలాంటిదే, నీ వరకు నీ ఇష్టం, ఇంట్లో ఇంకొకళ్లు వెళ్తానంటే ఏమంటావు అన్నదే నా ప్రశ్న. ఇంకోటి, ఎవరి బలవంతమూ లేదన్నావు కదా, ఒక ఏడాది అట్లతద్ది మానేస్తే మీ ఇంట్లో ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకో. మానెయ్యమని కాదు నేననేది, ఊహించుకో అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఫ్రెండ్ అన్నమాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది, అక్క సంగతి మాత్రం చివర్లో ఒక్క లైను. "తనే రానంటుంది". ఈ తనే అన్నమాట ఎన్ని ఇళ్లలో విన్నానో. మా మేనత్తకి 32 ఏళ్లకి భర్త పోయాడు. మా ఇంట్లో మంగళహారతులు ఆవిడ పాడినట్టు ఎవరూ పాడేవాళ్లు కాదు. శ్రావణ శుక్రవారం పొద్దున్నే శనగలు నానేసేది ఆవిడే, పూర్ణాలు ఆవిడే వండేది, హారతి టైముకి మాత్రం వంటింటి తలుపు వెనక నించుని పాడేది, గొంతు ఒక్కటే పేరంటంలోకి వచ్చేది. నేను చిన్నపిల్లని, అత్తకి సిగ్గేమో అనుకున్నా, మా అమ్మ కూడా "తనే రాదమ్మా" అనేది. చాలా ఏళ్లకి ఆవిడే చెప్పింది, మొదటి ఏడాది ఎవరన్నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారేమో అని తలుపు దగ్గరే నించున్నానే, ఎవరూ రాలేదు, రెండో ఏడాది నుంచి అదే నా చోటు అయిపోయింది అని.

మీ అక్కకి ఇది రెండో ఏడు దాటింది.

పూజ మానెయ్యమని నేను చెప్పను. నువ్వు చదివే వరలక్ష్మీ కథలోనే చూడు, చారుమతి తన కల ఇంట్లో చెప్పి ఊరుకోలేదు, ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ చెప్పి అందరినీ కలుపుకుని చేసుకుంది. పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం నువ్వూ అదే చెయ్యి. వారం ముందే అక్కకి ఫోన్ చేసి "నాతో పాటు పీటల మీద కూర్చో, హారతి నువ్వే ఇవ్వాలి, మొదటి తాంబూలం నీకే" అని చెప్పు. వంట సాయానికి మాత్రం పిలవకు, ఆ రోజు పూర్ణాలు బయట ఆర్డర్ ఇచ్చుకో. రానంటే బలవంతం వద్దు, ఏడిస్తే ఏడవనీ, మళ్లీ రెండు రోజులాగి అడుగు. ఏడాదికి ఒక్కసారి అడిగి వదిలెయ్యడానికి ఇది మొహమాటం పిలుపు కాదు.

అత్తగారు ఊరుకోరు, తెలుసు. శాస్త్రాలు తీసి వాదనకి దిగకు, ఆవిడ దగ్గర నీకన్నా ఎక్కువ ఉంటాయి. "అత్తయ్యా, మా అక్క కూర్చోకపోతే నేనూ కూర్చోలేను" అని మెల్లగా, కానీ పేరంటాళ్లు రాకముందే చెప్పు, మీ ఆయన్ని ముందే నీ వైపు పెట్టుకో, ఆ పూట ఆయన నోరు విప్పకుండా పేపర్ చదువుకుంటే కుదరదు.

ఇక ఫ్రెండ్. ఆ పేరంటానికి తననీ పిలువు, వస్తుందో రాదో తన ఇష్టం.