మోటారు లేకుండా, ఇంట్లోని డబ్బాలతో నీటిలో ఆకుకూరలు పెంచవచ్చా?

అపార్ట్‌మెంట్ బాల్కనీలో మట్టి బరువు లేకుండా ఆకుకూరలు పెంచుకోవాలని ఉందని, వేల రూపాయలు పోసి కిట్టు కొనకుండా ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆ ఏర్పాటు చేసుకోవచ్చా అని, మోటారు తప్పనిసరా అని మీరు అడిగారు. చేసుకోవచ్చు, మోటారు అక్కరలేదు. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో ఉన్న మా బాల్కనీలో నాలుగేళ్లుగా తోటకూర, పాలకూర, పుదీనా ఇలాగే పెంచుతున్నాను. అయితే మొదటి ఏడాది రెండుసార్లు మొక్కలన్నీ పోగొట్టుకున్నాను. ఆ రెండుసార్లూ లోపం ఎరువులో లేదు. ఒకసారి వేళ్లకు చీకటి లేకపోయింది, మరోసారి గాలి అందలేదు. అందుకని ముందు ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

నేను అనుసరించేది క్రాట్కీ పద్ధతి. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ దీనిని ప్రచారంలోకి తెచ్చారు కనుక ఆ పేరు వచ్చింది. మూత ఉన్న పెట్టెలో పోషకాలు కలిపిన నీరు పోసి, మూతకు చేసిన రంధ్రంలో మొక్క ఉన్న కప్పును దించుతాము. మొదట నీరు కప్పు అడుగును తాకుతూ ఉంటుంది. మొక్క పెరుగుతూ నీటిని తాగుతున్న కొద్దీ మట్టం దిగిపోయి, మూతకూ నీటికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోని తేమ గాలిలో వేలాడే పై వేళ్లు సన్నని నూగుతో అల్లుకుపోయి గాలి పీల్చే పని చేస్తాయి, కింద మునిగిన వేళ్లు నీటినీ పోషకాలనూ తీసుకుంటాయి. వేళ్లకు గాలి అందించడానికి మోటారు చేయవలసిన పనిని ఇక్కడ ఆ ఖాళీ చేస్తుంది.

ఇది తెలియక నేను చేసిన పొరపాటు చెబుతాను. ఇరవై రోజుల తోటకూర ఏపుగా ఉన్నప్పుడు పెట్టె సగానికి పైగా ఖాళీ కావడం చూసి, మొక్కలకు దాహమవుతుందేమోనన్న కంగారుతో అంచు దాకా నీరు నింపాను. రెండో రోజుకే మొక్కలు తలలు వాల్చేశాయి. నిండా నీరున్న పెట్టెలో మొక్క వాడిపోవడం ఏమిటో అర్థం కాక కప్పు పైకి తీసి చూస్తే, అంతకు ముందు పాలలా తెల్లగా ఉన్న వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, వేలితో తాకితే పై పొర జారిపోతూ, కుళ్లిన వాసన వేశాయి. గాలికి అలవాటుపడిన వేళ్లను నీట ముంచడమంటే వాటి ఊపిరి ఆపడమే. ఇప్పుడు నీరు అడుగుకు చేరుతున్నప్పుడు మాత్రమే, అది కూడా పెట్టెలో మూడో వంతుకు మించకుండా పోస్తాను.

అంతకు ముందు పోయిన పంట సంగతి చిన్నదే. పారదర్శకంగా ఉండే నీళ్ల సీసాలను కోసి వాడాను. వేళ్లు కనబడుతుంటే చూడముచ్చటగా ఉండేది కానీ, వెలుతురు తగిలిన పోషక జలంలో వారం తిరిగేసరికి పచ్చని పాకుడు పట్టి వేళ్లను చుట్టేసింది. కనుక పాత్ర ఏదైనా వెలుతురు చొరబడకూడదు.

నా అనుభవంలో అన్నిటికంటే మేలైనది పండ్ల దుకాణాలలో, మందుల దుకాణాలలో ఖాళీ అయ్యాక ఇచ్చే మందపాటి థర్మాకోల్ పెట్టె. అది ఎండ వేడిని లోపలికి రానివ్వదు, ఈ ఊరి ఎండలకు అది పెద్ద మేలు. తెల్లని థర్మాకోల్ గుండా కొంత వెలుతురు దిగుతుంది కాబట్టి లోపల నల్లని పాలిథీన్ కవరు పరవాలి, దాంతో నీరు కారే బెడదా ఉండదు. పెరుగు బకెట్లు కూడా బాగుంటాయి, బయట పాత గుడ్డ చుడితే చాలు. రంగుల డబ్బాలు మాత్రం ఎంత కడిగినా తినే కూరకు వాడవద్దని నా మాట. కప్పులుగా టీ తాగే ప్లాస్టిక్ గ్లాసులకు అడుగునా పక్కలా కాల్చిన మేకుతో తూట్లు వేసుకోవచ్చు, పొగ పీల్చకుండా ఆ పని కిటికీ దగ్గర చేయండి. థర్మాకోల్ మూతను కాల్చకండి, చాకుతో గుండ్రంగా కోయండి, గ్లాసు అంచు ఆగేంత రంధ్రమే ఉండాలి. గ్లాసులో బాగా కడిగిన కొబ్బరి పొట్టు నింపి విత్తనం వేస్తే సరిపోతుంది.

ఇక ఎరువు. చాలామంది నీటిలో కరిగే 19-19-19 ఎరువు (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) ఒక్కటే వేసి, ఆకులు పాలిపోతున్నాయని బాధపడుతుంటారు. దానిలోని నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దానిని మార్చి మొక్కకు అందిస్తాయి, మన పెట్టెలో ఆ పని సరిగా జరగదు. పైగా దానిలో కాల్షియం లేదు. ఎరువుల కొట్టులో విడివిడిగా దొరికేవి తెచ్చుకుని, 10 లీటర్ల నీటికి కాల్షియం నైట్రేట్ 6 గ్రాములు, 13-0-45 ఎరువు 3 గ్రాములు, 0-52-34 ఎరువు ఒకటిన్నర గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 3 గ్రాములు వేస్తున్నాను. ఇవికాక 12 శాతం చిలేటెడ్ ఐరన్ (నీటిలో విడిపోకుండా కరిగి ఉండే ఇనుము), సూక్ష్మపోషకాల మిశ్రమం ఒక్కొక్కటి 0.2 గ్రాములు కావాలి. అంత తక్కువ వంటింటి కాటా తూచలేదు కాబట్టి, ఒక్కొక్క దానిని 10 గ్రాములు లీటరు నీటిలో కరిగించి వేరువేరు సీసాలలో పెట్టుకుని, అందులోంచి 20 మిల్లీలీటర్లు కొలిచి పోస్తాను. ఐరన్ సీసాను వెలుతురు తగలకుండా దాచాలి. కాల్షియం నైట్రేట్‌ను ఎప్పుడూ విడిగా ఒక చెంబులో కరిగించి, మిగిలినవన్నీ పెద్ద నీటిలో కలిసిన తరువాత చివరన పోయండి. చిక్కని ద్రావణాలను నేరుగా కలిపితే పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టి అడుగున చేరుతుంది, అది మొక్కకు అందదు.

నీటి విషయంలో మా బోరు నీరు నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఉప్పుతనం, కాఠిన్యం ఎక్కువై పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణాల కొలత) పైకి పోతుంటే, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యలో పసుపుబారేవి. ఇనుము పెట్టెలో ఉన్నా మొక్క తీసుకోలేని స్థితి అది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. నేను సగం బోరు నీరు, సగం వాన నీరు లేదా ఫిల్టరు నుంచి వచ్చే మంచి నీరు కలుపుతాను. ఫిల్టరు బయటకు వదిలేసే నీటిని వాడకండి, లవణాలన్నీ చేరేది అందులోకే. నిమ్మరసం పిండితే పీహెచ్ తగ్గుతుంది కానీ రెండు మూడు రోజులకే మళ్లీ పెరుగుతుంది.

దోమల సంగతి దయచేసి తేలికగా తీసుకోకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే. చీకటిగా, చల్లగా ఉండే పెట్టె దానికి మంచి చోటు. మొక్క ఉన్న ప్రతి రంధ్రం చుట్టూ దూది కూరి, మూత అంచుకు టేపు వేయండి. నీటి మట్టం చూడడానికి చేసిన రంధ్రం ఉంటే దానికి దోమతెర ముక్క కట్టండి. ప్రతి ఆదివారం టార్చి వేసి చూడడం మా ఇంట్లో నియమం.

మొదటి ప్రయత్నానికి పుదీనా తీసుకోండి. మార్కెట్ నుంచి తెచ్చిన కట్టలోని గట్టి కాడలకు కింది ఆకులు తుంచి మామూలు నీటిలో ఉంచితే వారం పది రోజులలో వేళ్లు వస్తాయి, అప్పుడు పెట్టెలోకి మార్చవచ్చు. తోటకూర, తీగబచ్చలి వేడిని తట్టుకుంటాయి. పాలకూరను మాత్రం అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపే పెంచండి. నీరు 30 డిగ్రీలు దాటితే అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గి వేరుకుళ్లు త్వరగా వస్తుంది. ఏప్రిల్, మే నెలలలో నేను పెట్టెలు కడిగి బోర్లించేస్తాను. 15 లీటర్ల పెట్టెకు ఐదు తోటకూర మొక్కలు చాలు. వాటిని వేళ్లతో సహా పీకకుండా, కింద రెండు మూడు ఆకులు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తాయి. పంట అయ్యాక అడుగున మిగిలే నీటిని పారబోయకుండా రెట్టింపు మంచి నీటితో కలిపి తులసికి, కుండీలలోని మల్లెకు పోస్తున్నాను.